దస్తావేజు చుట్టూ ఒక నాటకం: రెస్టొరేషన్, పద్దెనిమిదో శతాబ్దపు ఆంగ్ల నాటకాలను చదవడం

ఇంతకుముందు పాఠాల్లో మీరు షేక్‌స్పియర్‌ను, బెన్ జాన్సన్‌ను చదివారు. ఈ పాఠంలో 1660 నుంచి 1777 వరకు లండన్ నాటకశాలల్లో ఆడిన నాటకాలను ఎలా చదవాలో చూద్దాం. నూట పదిహేడేళ్ల నాటక సాహిత్యాన్ని ఒక్క పాఠంలో ఇమడ్చడం కుదరదు. నాటకాల పేర్లూ సంవత్సరాలూ మాత్రమే చెబితే మీరు వాటిని పరీక్ష దాకా గుర్తుపెట్టుకుని ఆ సాయంత్రమే మరచిపోతారు. అందుకని ఒకే నాటకాన్ని, విలియం కాంగ్రీవ్ రాసిన ‘ది వే ఆఫ్ ది వరల్డ్’ను మధ్యలో పెట్టుకుని ముందుకూ వెనక్కూ చూద్దాం. ఆ నాటకం మొదటిసారి 1700లో ప్రదర్శితమైంది. అప్పటికి కాంగ్రీవ్ వయసు ముప్పై. ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు బతికినా అంతటి హాస్య నాటకం మరొకటి రాయలేదు.

ఈ నాటకాన్ని నేను ఇరవై ఏళ్లకు పైగా తరగతిలో చెప్పాను. అందులో చాలా భాగం తప్పుగానే చెప్పాను. అది తప్పని నాకు తెలియజేసింది ఏ విమర్శకుడూ కాదు, మీలాంటి ఒక విద్యార్థిని. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు నాటకశాల గురించి తెలుసుకోవాలి.

నాటకశాల

రెస్టొరేషన్ అంటే పునఃస్థాపన. ఇక్కడ తిరిగి నిలబెట్టింది రాచరికాన్ని. అంతర్యుద్ధం మొదలైన 1642లో పార్లమెంటు నాటకశాలలను మూయించింది. రాజు లేని ప్రభుత్వం పోయి, 1660లో రెండో చార్లెస్ తిరిగి వచ్చాక అవి తెరుచుకున్నాయి. ఈ మధ్య గడిచింది పద్దెనిమిదేళ్లు. ఒక తరం నటులు ముసలివాళ్లయ్యారు, ఒక తరం ప్రేక్షకులు నాటకం చూడకుండానే పెరిగారు. తలుపులు తెరిచాక లోపల కనిపించింది పాత నాటకశాల కాదు.

రాజు ఇద్దరికే అనుమతి ఇచ్చాడు. ఒకరు థామస్ కిల్లిగ్రూ, మరొకరు విలియం డావెనెంట్. నగరం మొత్తానికి రెండే నాటక సమాజాలు, ఒకటి రాజు పేరు మీద, ఒకటి రాజు తమ్ముడి పేరు మీద. షేక్‌స్పియర్ నాటి గ్లోబ్‌లో ఆకాశం కింద, పగటి వెలుగులో ఆట సాగేది. ఇప్పుడు పైకప్పు ఉంది, కొవ్వొత్తులు ఉన్నాయి, వెనుక రంగులు వేసిన తెరలు మారుతున్నాయి. నటులు మాత్రం ఆ తెరల మధ్య కాక, ప్రేక్షకుల్లోకి చొచ్చుకువచ్చిన ముందు వేదిక మీదే ఎక్కువగా ఉండేవారు. కొవ్వొత్తుల వెలుగు వేదికతో పాటు ప్రేక్షకుల మీదా పడేది. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో, ఏ మాటకు ఎవరు నవ్వారో అందరికీ కనిపించేది. ఈ నాటకాల్లో పాత్రలు పక్కకు తిరిగి ప్రేక్షకులతో గుసగుసగా చెప్పే మాటలు అంత విరివిగా ఎందుకున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అన్నిటికన్నా పెద్ద మార్పు స్త్రీలు వేదిక ఎక్కడం. 1660 డిసెంబరులో ‘ఒథెల్లో’లో డెస్డెమోనాగా ఒక స్త్రీ నటించింది. మరుసటి నెలలో శామ్యూల్ పెపిస్ అనే ఉద్యోగి స్త్రీలు నటించడం మొదటిసారి చూశానని తన డైరీలో రాసుకున్నాడు. అంతవరకు ఆడవేషాలు కట్టింది గొంతు మారని కుర్రవాళ్లు. మన దగ్గర సురభి సమాజాల్లో స్త్రీలు నటిస్తున్న కాలంలోనే మిగతా వేదికల మీద ఆడవేషం కట్టే పురుషులు ఎంత పేరు పొందారో మీకు తెలుసు. స్థానం నరసింహారావుగారిని చూసిన పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఉండే ఉంటారు. కాబట్టి ఈ మార్పు ఎంత పెద్దదో మీకు వివరించి చెప్పక్కరలేదు. నటీమణులు వచ్చాక నాటక రచయిత ఫలానా స్త్రీ కోసం పాత్రను రాయడం మొదలైంది. ‘ది వే ఆఫ్ ది వరల్డ్’లో మిల్లమెంట్ పాత్ర ఆన్ బ్రేస్‌గర్డిల్‌ది, మార్వుడ్ పాత్ర ఎలిజబెత్ బారీది. ఒకరిది తేలికగా ఎగిరే మాట, మరొకరిది బరువైన కోపం. చదివేటప్పుడు ఆ రెండు గొంతులనూ చెవిలో వేరుగా ఉంచుకోండి.

స్త్రీలు నటించడమే కాదు, రాశారు కూడా. కలం మీద బతికిన ఆఫ్రా బెన్ 1677లో ‘ది రోవర్’ రాసింది. అందులో ఏంజెలికా బియాంకా అనే వేశ్య ఉంటుంది. డబ్బు తీసుకుంటావా అని తనను నిలదీసిన మగవాణ్ణి ఆమె ఎదురు ప్రశ్న వేస్తుంది. పెళ్లికి పిల్లను చూపిస్తే నువ్వు మొదట అడిగేది ఆమె గుణమా, ఆస్తా అని. నాకు తెలిసినంతలో ఈ యుగపు నాటకాలన్నిటి లోపలా నడుస్తున్న ప్రశ్న ఇదే. పైకి కనిపించేది శృంగారం, లోపల ఉన్నది లెక్క.

గంభీర నాటకాల సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్తాను. అంత్యప్రాస ద్విపదల్లో రాసిన వీర నాటకాలు కొన్నేళ్లు వెలిగి ఆరిపోయాయి. మనకు ఆసక్తి కలిగించేది జాన్ డ్రైడెన్ 1675లో రాసిన ‘ఔరంగజేబు’. ఆ నాటకం ఆడుతున్నప్పుడు నిజమైన ఔరంగజేబు ఢిల్లీ సింహాసనం మీద ఉన్నాడు, పన్నెండేళ్ల తర్వాత 1687లో గోల్కొండను పట్టుకోబోతున్నాడు. డ్రైడెన్ మాత్రం అతణ్ణి తండ్రి మాట జవదాటని ఆదర్శ పుత్రుడిగా చూపించాడు. సొంత తండ్రిని కోటలో బంధించిన మనిషికి ఇంతకన్నా మంచి యోగ్యతాపత్రం దొరికి ఉండదు.

కథ కాదు, కాగితాలు

‘ది వే ఆఫ్ ది వరల్డ్’ చేతికి తీసుకున్న విద్యార్థుల్లో చాలామంది రెండో అంకం దగ్గరే ఆగిపోతారు. ఎవరికి ఎవరు ఏమవుతారో తెలియదు, ఎవరు ఎవరిని ఎందుకు మోసం చేస్తున్నారో అసలే తెలియదు. గైడు పుస్తకాలు రెండు పేజీల కథాసారం ఇచ్చి, ఇది మర్యాదల ప్రహసనం, సంభాషణల్లో చమత్కారం ప్రధానం, ఇతివృత్తం బలహీనం అని తేల్చేస్తాయి. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. చివరి అంకంలో బయటపడే దస్తావేజు కథను ముగించడానికి రచయిత తెచ్చిన ఒక వీలు మాత్రమే అనేవాణ్ణి.

ఒక ఆదివారం అధ్యయన కేంద్రంలో కాంటాక్ట్ క్లాసు. వచ్చినవాళ్లు పదకొండు మంది. వెనుక వరుసలో నలభై ఏళ్ల వయసున్న ఒకామె కూర్చుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గర పనిచేస్తోందని తర్వాత తెలిసింది. నేను మామూలుగా చెప్పుకుపోతుంటే లేచి నిలబడి, “సార్, ఆ కాగితం తారీఖు పెళ్లికి ముందుదా, తర్వాతదా?” అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. పుస్తకం తిరగేశాను. “ముందుదే” అన్నాను. “అయితే చెల్లుతుంది సార్. ముందు రాసిన కాగితం ఉండగా తర్వాత రాయించుకున్నది నిలవదు కదా” అని కూర్చుంది. ఇరవై ఏళ్లుగా నాకు బలహీనంగా కనిపించిన ఇతివృత్తం ఆ ఒక్క మాటతో బిగిసింది.

ఇప్పుడు ఆమె చూసినట్టు చూద్దాం. మిల్లమెంట్ పేరున 12,000 పౌండ్ల ఆస్తి ఉంది. అందులో సగం, అంటే 6,000 పౌండ్లు, ఆమె మేనత్త లేడీ విష్‌ఫర్ట్ చేతిలో ఉంది. మేనత్త ఒప్పుకున్న పెళ్లి చేసుకుంటేనే ఆ సగం వస్తుంది. మిల్లమెంట్‌ను ప్రేమించిన మిరబెల్ ఆ ప్రేమను దాచడానికి మేనత్తనే ప్రేమిస్తున్నట్టు నటించాడు. యాభై అయిదేళ్ల విష్‌ఫర్ట్ నమ్మింది. మార్వుడ్ ఆ గుట్టు బయటపెట్టింది. ఇప్పుడు మిరబెల్ పేరు చెబితేనే మేనత్త మండిపడుతోంది. ఇదంతా తెర లేవకముందే జరిగిపోయింది. నాటకం మొదలయ్యేసరికి మిరబెల్ ముందున్న సమస్య ప్రేమ కాదు, ప్రేమ ఉంది. సమస్య ఆ 6,000 పౌండ్లు.

దానికి అతను వేసిన ఎత్తు చూడండి. తన నౌకరు వెయిట్‌వెల్‌కు, విష్‌ఫర్ట్ దాసి ఫోయిబుల్‌కు రహస్యంగా పెళ్లి చేయించాడు. ఆ తర్వాత నౌకరుకు సర్ రోలండ్ అనే పెద్దమనిషి వేషం కట్టించి మేనత్తను పెళ్లాడతానని పంపాడు. మేనత్త ఒప్పుకున్నాక నౌకరుకు ముందే పెళ్లయిందన్న ధ్రువపత్రం చూపించి, ఆమెను ఆ అవమానం నుంచి తప్పించి, బదులుగా మేనకోడలినీ ఆస్తినీ అడుగుతాడు. నౌకరుకు ముందే పెళ్లి చేయించడం ఎందుకు? ఎత్తు మధ్యలో వాడు నిజంగానే మేనత్తను పెళ్లాడి యజమానికి ఎదురు తిరగకుండా. మిరబెల్‌కు సొంత నౌకరు మీద కూడా నమ్మకం లేదు, కాగితం మీదే నమ్మకం.

మార్వుడ్ ఈ ఎత్తును చాటుగా విని తన ప్రియుడు ఫెయినాల్‌కు చెబుతుంది. ఫెయినాల్ భార్య లేడీ విష్‌ఫర్ట్ కూతురే. ఆమెకు పెళ్లికి ముందు మిరబెల్‌తో సంబంధం ఉండేదని కూడా అతనికి తెలుస్తుంది. అయిదో అంకంలో అతను అత్తగారిని బెదిరించడానికి వస్తాడు. తన భార్య ఆస్తి మొత్తం తనకు రాసివ్వాలి, మిల్లమెంట్ వాటాలోని 6,000 పౌండ్లు తనకే చెందాలి, అత్తగారు తన అనుమతి లేకుండా మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. ఒప్పుకోకపోతే భార్య పరువును కోర్టుకు లాగుతాడు. ఇలాంటి మాటలు నాటకంలోనే వినాల్సిన పని లేదని మీలో కొందరికి తెలుసు.

అప్పుడు మిరబెల్ పెట్టె తెప్పిస్తాడు. మిసెస్ ఫెయినాల్ మొదటి భర్త చనిపోయాక, ఫెయినాల్‌ను పెళ్లాడకముందు, తన ఆస్తి మొత్తాన్ని మిరబెల్ పేరున ట్రస్టుగా రాసి ఉంచింది. ఆనాటి ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీకి విడిగా చట్టబద్ధమైన ఉనికి లేదు. ఆమె నగలు, నగదు, సామాను భర్తవి అవుతాయి, భూమి మీద వచ్చే రాబడి అతని చేతికి పోతుంది. ఈ పరిస్థితి 1870, 1882 చట్టాలతో గానీ మారలేదు. దీన్నుంచి తప్పించుకునే దారి ఒక్కటే ఉండేది. పెళ్లికి ముందే ఆస్తిని నమ్మకమైన మరొకరి చేతిలో ట్రస్టుగా పెట్టడం. మిసెస్ ఫెయినాల్ చేసింది అదే. ఫెయినాల్ తర్వాత భార్యను మభ్యపెట్టి రాయించుకున్న కాగితం ఈ పాత కాగితం ముందు చెల్లదు.

ఇంకొక చిన్న సంగతి. ఆ దస్తావేజు మీద సాక్షి సంతకాలు చేసింది విట్‌వుడ్, పెట్యులెంట్ అనే ఇద్దరు తెలివితక్కువ చమత్కారులు. అందులో ఏముందో చదవకుండానే సంతకం పెట్టారు. సంతకం తమదేనని గుర్తుపడతారు గానీ దేనికి పెట్టారో చెప్పలేరు. నేను ఇది చదివి వినిపించినప్పుడు ఆ విద్యార్థిని గట్టిగా నవ్వింది. మూడు వందల ఏళ్ల కిందటి లండన్ హాస్యం తెలుగు తరగతిలో అంత చక్కగా పండడం నేను మళ్లీ చూడలేదు.

షరతుల రంగం

నాలుగో అంకంలో మిల్లమెంట్, మిరబెల్ పెళ్లికి షరతులు మాట్లాడుకునే రంగం మీ పరీక్షలో తప్పకుండా వస్తుంది. సాధారణంగా దీన్ని ఇద్దరు తెలివైన ప్రేమికుల సరదా వాగ్వాదంగా చెబుతారు. పై విషయం తెలిశాక మళ్లీ చదవండి.

మిల్లమెంట్ ఏం అడుగుతోంది? పొద్దున తనకు నచ్చినంతసేపు పడుకోవడం. పదిమందిలో ముద్దుపేర్లతో పిలిపించుకోకపోవడం. తనకు వచ్చే ఉత్తరాలను, తాను రాసే ఉత్తరాలను ఎవరూ ఆరా తీయకపోవడం. నచ్చినవాళ్లతోనే మాట్లాడటం, భర్త స్నేహితులు మూర్ఖులైతే వాళ్లను భరించకపోవడం. టీ బల్ల దగ్గర తన మాటే చెల్లడం. తన గదిలోకి వచ్చేముందు తలుపు తట్టడం. ఒక్కొక్కటిగా చూస్తే ఇవి అల్పమైన కోరికలు. చట్టం ఆమెకు ఒక్క గది కూడా తనదిగా ఇవ్వనప్పుడు, ఆ గది తలుపు తట్టమని అడగడం అల్పమా? రేపు భార్య అయ్యాక ఆమె మాటకు చట్టంలో విలువ ఉండదు. అందుకే ఇవాళ, మాటకు ఇంకా విలువ ఉన్న చివరి గంటలో, బేరం ఆడుతోంది. ఆమె నవ్వు వెనుక ఈ తొందర ఉంది. బ్రేస్‌గర్డిల్ ఈ మాటలను తేలికగా పలికే ఉంటుంది. మనం చదివేటప్పుడు మాత్రం బరువు తెలిసి చదవాలి.

మిరబెల్ షరతులు మరో రకం. ఆమెకు రహస్యాలు పంచుకునే స్నేహితురాలు ఉండకూడదు. ముఖానికి రాత్రిపూట పూతలు పూయకూడదు. కడుపుతో ఉన్నప్పుడు నడుము బిగించి కట్టకూడదు. టీ బల్ల మీద టీ, కాఫీ, చాక్లెట్ వంటివి తప్ప మత్తు పానీయాలు ఉండకూడదు. ఆమె తన సమయాన్ని, తన గదిని అడిగితే, అతను ఆమె ముఖాన్ని, ఆమె స్నేహాలను, ఇంకా పుట్టని బిడ్డను అడుగుతున్నాడు. వీటిని సమానమైన షరతులని రాసిన గైడు పుస్తకాలు మీ చేతికొస్తే పక్కన పెట్టండి. కాంగ్రీవ్ సమానత్వం చూపించలేదు. అసమానమైన చోట ఇద్దరు మంచి మాటకారులు ఎంతవరకు రాజీపడగలరో చూపించాడు, అది చాలా పెద్ద పని.

నీతి గొడవ

ఈ నాటకాలు అవినీతికరమన్న అభియోగం వాటంత పాతది. 1698లో జెరెమీ కాలియర్ అనే మతాచార్యుడు ఆంగ్ల రంగస్థలం అనైతికతను ఖండిస్తూ ఒక పుస్తకం ప్రచురించాడు. నాటకాల్లో ఒట్లు, బూతులు ఉన్నాయి, పూజారులను ఎగతాళి చేస్తున్నారు, చెడ్డవాళ్లు సుఖపడుతున్నారు అని అతని ఫిర్యాదు. కాంగ్రీవ్, వాన్‌బ్రూ అదే ఏడు జవాబులు రాశారు. కాలియర్ తన మాటలను సందర్భం నుంచి తెంచి చూపించాడని కాంగ్రీవ్ వాదించాడు. వాదన సరైనదే. అయినా ఆ జవాబు చదివితే అతను కోపంలో తడబడ్డాడనిపిస్తుంది. నవ్వించగలవాడు కోపంలో గెలవడం అరుదు.

వంద ఏళ్లకు పైగా గడిచాక చార్లెస్ ల్యాంబ్ మరో దారి చూపించాడు. ఈ నాటకాలది నిజ జీవితం కాదు, నీతి నియమాలు వర్తించని ఒక ఊహాలోకం, కాబట్టి మన నీతితో తూచకూడదు అన్నాడు. 1841లో మెకాలే దాన్ని తోసిపుచ్చి, ఇవి ఆంగ్ల సాహిత్యానికే తలవంపులు అన్నట్టు రాశాడు. అవును, 1835లో మన విద్యావిధానం గురించి మినిట్ రాసిన మెకాలేనే. మన దేశానికి ఇంగ్లీషు చదువు కావాలని పట్టుబట్టిన మనిషి, ఆ ఇంగ్లీషులోని ఒక ముఖ్య భాగం చదవదగింది కాదన్నాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఎల్.సి. నైట్స్ 1937లో రాసిన వ్యాసంలో నీతిని పక్కన పెట్టి, ఈ నాటకాలు అసలు విసుగు పుట్టిస్తాయన్నాడు.

ఈ నలుగురూ ఒకే చోట పొరబడ్డారని నా అభిప్రాయం. వాళ్లు పడకగదిని చూశారు, పెట్టెలోని దస్తావేజును చూడలేదు. విలియం వైచర్లీ ‘ది కంట్రీ వైఫ్’ (1675) సంగతే తీసుకోండి. హార్నర్ అనేవాడు తాను నపుంసకుణ్ణని ఊరంతా పుకారు పుట్టిస్తాడు. దాంతో భర్తలు తమ భార్యలను నిశ్చింతగా అతని ఇంటికి పంపుతారు. పింగాణీ పాత్రలు చూసే నెపంతో సాగే ఆ ప్రసిద్ధ రంగంలో ఒక్క బూతు మాట లేదు. పింగాణీ అన్న మాట ఒక్కటే అటూ ఇటూ తిరుగుతుంది, భర్తకు ఒక అర్థం, మనకు మరో అర్థం. అచ్చులో చదివితే ఏమీ ఉండదు, నలుగురు కలిసి గట్టిగా చదివితే తెలుస్తుంది. 1766లో డేవిడ్ గారిక్ ఈ నాటకాన్ని ‘ది కంట్రీ గర్ల్’ పేరుతో తిరగరాసి హార్నర్‌ను తీసేశాడు. హార్నర్ పోయాక మిగిలింది ఒక పల్లెటూరి పిల్ల అమాయకత్వం. మన ఆక్షేపణ హార్నర్ మీద ఉండాలి, సరే. కానీ భార్యను ఆస్తిలా తాళం వేసి కాపాడుకునే పించ్‌వైఫ్ మీద ఎందుకుండదు? కాలియర్‌కు ఆ ప్రశ్న తోచలేదు.

ఆ తర్వాత

పద్దెనిమిదో శతాబ్దంలో ప్రేక్షకులు మారారు. వర్తకులు, వాళ్ల కుటుంబాలు ఎక్కువగా వచ్చారు. నవ్వు కన్నా కన్నీళ్లు మర్యాద అయ్యాయి. స్టీల్ ‘ది కాన్షస్ లవర్స్’ (1722) దీనికి మంచి ఉదాహరణ. మంచి నాటకమని మాత్రం చెప్పలేను. అందరూ అంత మంచివాళ్లయితే నాటకం నడిచేది దేనితో? 1728లో జాన్ గే ‘ది బెగ్గర్స్ ఒపెరా’ మొదటి సీజన్‌లోనే 62 సార్లు ఆడింది. దొంగలూ, దొంగసొత్తు వ్యాపారులూ పెద్దమనుషుల భాష మాట్లాడతారు, వాళ్లలో ప్రధాని వాల్పోల్ పోలికలు ప్రేక్షకులకు కనిపించాయి. దాని తరువాయి భాగం ‘పాలీ’ని ఆడనివ్వలేదు. హెన్రీ ఫీల్డింగ్ రాజకీయ వ్యంగ్యం మరీ ముదిరాక 1737లో లైసెన్సింగ్ చట్టం వచ్చింది. కొత్త నాటకం ఏదైనా ప్రదర్శనకు పద్నాలుగు రోజుల ముందు లార్డ్ ఛాంబర్లేన్ కార్యాలయానికి పంపాలి. ఈ ముందస్తు సెన్సారు 1968 దాకా కొనసాగింది. మన దేశంలో 1876లో బ్రిటిషు ప్రభుత్వం తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టం గురించి మరో పాఠంలో చదువుతారు. ఆ ఆలోచన వాళ్లకు కొత్త కాదని ఇక్కడే గుర్తుపెట్టుకోండి. ఫీల్డింగ్ నాటకం వదిలి నవల రాశాడు. నాటకానికి జరిగిన నష్టం నవలకు లాభం అయింది.

1773లో గోల్డ్‌స్మిత్ ‘షి స్టూప్స్ టు కాంకర్’తో నవ్వును తిరిగి తెచ్చాడు. 1775లో షెరిడన్ ‘ది రైవల్స్’ మొదటి రాత్రి విఫలమైతే, వెనక్కి తీసుకుని సరిదిద్ది పదకొండు రోజుల్లో మళ్లీ ఆడించి గెలిచాడు. ఇది తెలుగు పాఠకులకు దూరపు నాటకం కాదు. కందుకూరి వీరేశలింగంగారి ‘కల్యాణ కల్పవల్లి’ దీనికి అనుసరణే. షెరిడన్ రాసిన ‘ది డ్యుయెన్నా’ ఆయన చేతిలో ‘రాగమంజరి’ అయింది. వీలైతే రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

షెరిడన్ ‘ది స్కూల్ ఫర్ స్కాండల్’ (1777) దగ్గర కొంచెం ఆగాలి. అన్నదమ్ములు జోసెఫ్, చార్లెస్. ఒకడు నీతులు చెప్పే కపటి, ఒకడు అప్పులు చేసే మంచివాడు. వాళ్ల చిన్నాన్న సర్ ఆలివర్ చాలా ఏళ్లు భారతదేశంలో ఉండి, డబ్బు గడించి తిరిగివచ్చి, మారువేషాల్లో ఇద్దరినీ పరీక్షిస్తాడు. పేద బంధువు వేషంలో వెళ్లినప్పుడు జోసెఫ్, చిన్నాన్న తనకు పంపింది ఏమీ లేదంటాడు. కాస్త టీ, కొన్ని అవడవాట్ పిట్టలు, కొంచెం ఇండియా బాణసంచా, అంతే అని. నిజానికి ఆలివర్ పంపింది 12,000 పౌండ్లు. మిల్లమెంట్ ఆస్తి అంకె కూడా అదే కావడం కాకతాళీయం, నాకు నచ్చిన కాకతాళీయం. ఆ పిట్ట పేరు అహ్మదాబాద్ నుంచి వచ్చింది. మనం మునియా అంటామే, అదే.

ఆ 12,000 పౌండ్లు భారతదేశంలో ఎలా పుట్టాయని నాటకంలో ఎవరూ అడగరు. ప్లాసీ యుద్ధం 1757లో, బెంగాలు దివానీ 1765లో, మన ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వెళ్లింది ఆ వెంటనే. ఆలివర్ మంచివాడు, కాబట్టి అతని డబ్బు మంచిది, అని ప్రేక్షకులు అనుకోవాలి. 1772లో శామ్యూల్ ఫుట్ ‘ది నేబాబ్’ పేరుతో ఇలాంటి డబ్బును ఎగతాళి చేశాక కూడా షెరిడన్ ఆ ప్రశ్న దాటవేశాడు. విచిత్రం ఏమిటంటే, పదేళ్లకు అదే షెరిడన్ పార్లమెంటు సభ్యుడిగా వారన్ హేస్టింగ్స్ మీద నిప్పులు చెరిగాడు. అవధ్ బేగములను దోచుకున్నారని 1787లో ఆయన చేసిన ప్రసంగం ఆ కాలపు గొప్ప ప్రసంగాల్లో ఒకటిగా పేరు పొందింది. వేదిక మీద అడగని ప్రశ్నను సభలో అడిగాడు. ఈ రెండింటినీ కలిపి చదివితే తప్ప షెరిడన్ పూర్తిగా అర్థం కాడు.

మళ్లీ చివరి రంగానికి

ఆ ఆదివారం తరగతి అయిపోయాక నేను సంచీ సర్దుకుంటుంటే ఆ విద్యార్థిని మరో ప్రశ్న అడిగింది. “సార్, మిల్లమెంట్ షరతులు పెట్టింది. మరి మిసెస్ ఫెయినాల్‌ను ఎవరైనా నీ షరతులేమిటని అడిగారా?”

రెండో అంకానికి వెళ్లి చూడండి. పార్కులో నడుస్తూ ఆమె మిరబెల్‌ను, నన్ను ఈ మనిషికి ఎందుకు కట్టబెట్టావని అడుగుతుంది. వాళ్లిద్దరి సంబంధం వల్ల ఆమె గర్భవతి కావచ్చని భయపడ్డారు. పుట్టబోయే బిడ్డకు ఒక తండ్రి పేరు కావాలి. మిరబెల్ ఆమెకు ఫెయినాల్‌ను చూపించాడు. అతను ఇచ్చుకున్న సంజాయిషీ తెలివైనది, చల్లనిది. మంచివాణ్ణి బలిపెట్టడం న్యాయం కాదు, పనికిరానివాడైతే ఈ పనికి సరిపోడు, అందుకే మధ్యస్థంగా ఇతణ్ణి ఎంచాను అన్న ధోరణి. గైడు పుస్తకాల్లో ఆదర్శ నాయకుడు ఇతనే. అతను ఆమె ఆస్తిని కాపాడాడు, అది నిజం. ఆమెను ఆ పెళ్లిలోకి నెట్టిందీ అతనే, అదీ నిజం. కాంగ్రీవ్ ఈ రెండో నిజాన్ని దాచలేదు. నాటకం మొదట్లోనే పెట్టాడు, చమత్కారాల జోరులో మనమే దాన్ని దాటేస్తాం. నేను చాలా ఏళ్లు దాటేశాను.

ఆనాటి ఇంగ్లండులో మళ్లీ పెళ్లి చేసుకునేందుకు వీలైన విడాకులు కావాలంటే పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేయాలి. మామూలు కోర్టులో విడాకులు 1857 తర్వాతి మాట. కాబట్టి అయిదో అంకం చివర ఫెయినాల్ కోపంతో వెళ్లిపోయినా అతను ఇంకా ఆమె భర్తే. మిల్లమెంట్‌కు పెళ్లి కుదిరింది, 6,000 పౌండ్లూ దక్కాయి. లేడీ విష్‌ఫర్ట్ క్షమించింది. నాట్యం జరిగింది. అందరి ముందూ మిరబెల్ ట్రస్టు దస్తావేజును మిసెస్ ఫెయినాల్ చేతికి తిరిగి ఇస్తాడు. దీన్ని జాగ్రత్తగా వాడుకుంటే నువ్వూ నీ భర్తా కలిసి సుఖంగా ఉండవచ్చు అని సలహా కూడా ఇస్తాడు. ఆ వెంటనే అతనే ముగింపు ద్విపదలు చదువుతాడు, తెర పడుతుంది. మిసెస్ ఫెయినాల్ ఆ కాగితాన్ని తీసుకుంటుంది. ఆమె జవాబు నాటకంలో లేదు.